అరచేతిలో వెబ్ సర్వర్

గుజరాత్‌లోని సూరత్ జిల్లా పల్సానా తాలూకాలో జోల్వా అనే ఊరుంది. పాలిస్టర్ నూలు, మరమగ్గాల బట్ట - అక్కడి జీవనం చాలావరకు వీటి చుట్టూనే తిరుగుతుంది. సిరిసిల్లలో సాంచె అని పిలుచుకునే మరమగ్గమే సూరత్ ప్రాంతంలో లక్షల మందికి అన్నం పెడుతోంది. ఒడిశాలోని గంజాం జిల్లా వారు, తెలుగువారు, ఉత్తరాది వారు ఆ మగ్గాల మీద పక్కపక్కనే పనిచేస్తారు. సూరత్ నగరంలోని లింబాయత్‌లో తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు ఏనాడో స్థిరపడ్డాయి.

అక్కడ మగ్గం మీద కూలి సాధారణంగా మీటరు లెక్కన ఉంటుంది. ఎవరు ఎన్ని మీటర్లు నేశారో ఒక పుస్తకంలో రాస్తారు. పుస్తకం ఒకటే, ఉండేది ఒకరి దగ్గరే. కూలి చేతికొచ్చే రోజున నలభై మీటర్లు తేడా వస్తే ఎవరి మాట చెల్లుతుంది? పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వారి మాటే.

ఇప్పుడు మనం ఒక చిన్న ఊహ చేద్దాం. జోల్వాలో అలాంటి షెడ్డు ఒకటి ఉంది. అందులో ఇరవై నలుగురు పనిచేస్తున్నారు. వారిలో ఒకరి ఇంట్లో మీలాంటి కాలేజీ విద్యార్థి ఉన్నారు. ఇంట్లో అద్దం మూల పగిలిన పాత ఫోన్ ఒకటి అల్మారాలో పడి ఉంది. ఆ ఫోన్‌ను షెడ్డులో పెట్టి, రోజువారీ మీటర్ల లెక్క అందులో ఉంచి, ఎవరైనా తమ ఫోన్‌లోని బ్రౌజర్‌తో ఆ లెక్క చూసుకునేలా చేయవచ్చా? అదీ ఇంటర్నెట్ లేకుండా, నెల నెలా ఎవరికీ అద్దె కట్టకుండా?

చేయవచ్చు. ఎలాగో, చిక్కు ఎక్కడ వస్తుందో చూద్దాం. చిక్కు మీరు అనుకునే చోట ఉండదని ముందే చెబుతున్నాను.

సర్వర్ యంత్రం కాదు, ఒక పని

సర్వర్ అనగానే చల్లని గదిలో బీరువాల్లా నిలబెట్టిన పెద్ద యంత్రాలు మనకు గుర్తుకు వస్తాయి. నిజానికి సర్వర్ అనేది యంత్రం పేరు కాదు, అది చేసే పని పేరు. అడిగేవారి కోసం కాచుకుని ఉండటం, అడిగినప్పుడు జవాబు ఇవ్వడం, మళ్లీ కాచుకుని ఉండటం - ఇంతే ఆ పని. ఈ పని చేసే ప్రోగ్రామ్ ఏ కంప్యూటర్‌లో నడిస్తే ఆ కంప్యూటర్ సర్వర్ అవుతుంది. అడిగే ప్రోగ్రామ్‌ను క్లయింట్ అంటారు. మీ బ్రౌజర్ అలాంటి క్లయింటే.

ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్ కూడా బీరువా కాదు. 1990 చివరలో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ తన బల్ల మీది నెక్స్ట్ కంప్యూటర్‌నే సర్వర్‌గా మార్చారు. ఎవరైనా పొరపాటున స్విచ్ ఆపేస్తారేమోనని, ఇది సర్వర్, దీన్ని ఆపవద్దు అన్న అర్థం వచ్చే కాగితం ఒకటి దాని మీద అతికించారు. ఆ కాగితం సంగతి గుర్తుంచుకోండి. మనకు దానితో మళ్లీ పని పడుతుంది.

ఒక ప్రశ్న, ఒక జవాబు

బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే భాషను హెచ్‌టీటీపీ అంటారు. అది చాలా సాదా భాష. పేజీ కావాలంటే బ్రౌజర్ 'గెట్' అనే మాట రాసి, దాని పక్కన పేజీ పేరు రాసి పంపుతుంది. సర్వర్ పంపే జవాబులో మూడు భాగాలుంటాయి. మొదటి వరుసలో ఫలితాన్ని తెలిపే సంఖ్య ఉంటుంది. 200 అంటే దొరికింది, 404 అంటే అలాంటి పేజీ లేదు. తర్వాతి వరుసల్లో జవాబు గురించిన వివరాలు ఉంటాయి - అది ఏ రకం సమాచారం, ఎన్ని బైట్లు, ఏ లిపి సంకేతంలో ఉంది అని. ఒక ఖాళీ వరుస తర్వాత అసలు పేజీ వస్తుంది.

వినడానికి తేలికగా ఉన్నా, తెలుగులో పేజీ రాసేవారు తరచూ తప్పటడుగు వేసే చోటు ఇక్కడే ఉంది. 'నమస్తే' అనే మాటను పంపాలనుకుందాం. మన కంటికి అందులో మూడు అక్షరాలే కనిపిస్తాయి. యూనికోడ్ లెక్కలో మాత్రం ఆరు సంకేతాలున్నాయి: న, మ, స, పొల్లు, త, ఏత్వం. వెబ్‌లో వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. అంటే మొత్తం 18 బైట్లు. పొడవు చెప్పవలసిన వరుసలో మీ ప్రోగ్రామ్ పొరపాటున 6 అని రాస్తే ఏమవుతుంది? బ్రౌజర్ ఆరు బైట్లు చదివి ఆగిపోతుంది. తెర మీద 'నమ' మాత్రమే మిగులుతుంది! అలాగే లిపి సంకేతం పేరు చెప్పకపోతే తెలుగుకు బదులు చిందరవందర గుర్తులు కనిపించవచ్చు.

ఒడియా, గుజరాతీ, దేవనాగరి లిపులకూ ఇదే మూడు బైట్ల లెక్క వర్తిస్తుంది. జోల్వా షెడ్డులోని వారందరికీ వారి వారి భాషలో పేజీ పెట్టాలంటే ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు.

ఎంత చిన్న యంత్రం సరిపోతుంది?

వచ్చే ప్రశ్నలు తక్కువైతే ఈ పనికి గొప్ప శక్తి అక్కరలేదు. దీన్ని ఋజువు చేయడానికి 1999లో గొప్ప పోటీయే జరిగింది. ఆ ఏడాది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాన్ ప్రాట్ అగ్గిపెట్టె అంత వెబ్ సర్వర్‌ను నడిపి చూపించారు. అందులో 66 మెగాహెర్ట్జ్ 486 ప్రాసెసర్, 16 మెగాబైట్ల రామ్, 16 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీ ఉన్నాయి. లినక్స్ మీద నడిచేది.

అగ్గిపెట్టె ఎందుకు, అగ్గిపుల్ల తల చాలదా అన్నట్టు, అదే సంవత్సరం మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో హెచ్. శ్రీకుమార్ ఎనిమిది కాళ్ల చిన్న పిక్ చిప్‌ను వెబ్ సర్వర్‌గా చేశారు. వెబ్ పేజీలు పక్కనున్న మరో చిన్న మెమరీ చిప్‌లో ఉండేవి. ఆ పిక్ చిప్‌లోని రామ్ ఎంతో తెలుసా? 41 బైట్లు! మెగాబైట్లు కాదు, కిలోబైట్లూ కాదు. మన 'నమస్తే'లు మూడు రాయాలన్నా అందులో చోటు చాలదు. నెట్‌వర్క్‌లో ప్రయాణించే ప్రతి ప్యాకెట్‌కు ముందు ఉండే ఐపీ, టీసీపీ వివరాలే కనీసం 40 బైట్లు ఉంటాయి. అంటే ప్యాకెట్‌ను దాచుకుని చదివే వీలే లేదు. వచ్చిన బైటును వచ్చినట్టే చూసి, కావలసింది గుర్తుపెట్టుకుని, మిగతాది వదిలేయాలి. రైలు ఆగకుండా వెళుతుంటే పెట్టెలు లెక్కపెట్టినట్టన్న మాట.

చేతిలో పట్టుకునే కంప్యూటర్ల సంగతికి వద్దాం. 2000లో కాంపాక్ ఐప్యాక్ అనే చేతి కంప్యూటర్ వచ్చింది. ఉత్సాహవంతులు దానిలోకి లినక్స్ ఎక్కించి వెబ్ సర్వర్లు నడిపారు. మన దేశంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు స్వామి మనోహర్, విజయ్ చంద్రు, వి. వినయ్, రమేశ్ హరిహరన్‌లు ఎంకోర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లతో కలిసి సింప్యూటర్‌ను రూపొందించారు. 2001 ఏప్రిల్‌లో దాన్ని ప్రజలకు చూపించారు. ఐప్యాక్‌లో ఉన్నట్టే దానిలోనూ 206 మెగాహెర్ట్జ్ స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసర్ ఉండేది. అదీ లినక్స్ యంత్రమే. ఒక్క సింప్యూటర్‌ను ఊరంతా పంచుకోవాలని, ఎవరి వివరాలు వారి స్మార్ట్ కార్డులో ఉండాలని దాని వెనక ఆలోచన. 2004లో అది అంగడికి వచ్చింది కాని, అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. తర్వాత చౌక ఫోన్లు వచ్చి ఆ చోటును ఆక్రమించాయి. ఒక చిన్న యంత్రం చుట్టూ నలుగురూ చేరాలన్న ఆలోచన మాత్రం పాతబడలేదు.

మీ అల్మారాలోని పాత ఫోన్‌లో సాధారణంగా గిగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్, ఒకటి రెండు గిగాబైట్ల రామ్ ఉంటాయి. స్టాన్‌ఫర్డ్ అగ్గిపెట్టె కంటే అది ఎన్నో రెట్లు శక్తిమంతమైనది.

షెడ్డు లెక్క వేసి చూద్దాం

మాటలతో సరిపెట్టకుండా అంకెలతో చూద్దాం. ఒక మనిషి ఒక రోజు లెక్క - తేదీ, మగ్గం సంఖ్య, మీటర్లు - 100 బైట్లలో ఇముడుతుందనుకోండి. 24 మందికి 365 రోజులకు 8,76,000 బైట్లు. ఏడాది లెక్క మొత్తం ఒక మెగాబైటు కూడా కాలేదు! ఫోన్‌లో తీసిన ఒక ఫోటో దీనికంటే పెద్దది.

షిఫ్టు మారే వేళ పది నిమిషాల్లో 24 మందీ పేజీ తెరిచారనుకుందాం. సగటున 25 సెకన్లకు ఒక ప్రశ్న. పేజీ 20 కిలోబైట్లుంటే, పది మంది ఒకే సెకనులో అడిగినా సర్వర్ పంపవలసింది 200 కిలోబైట్లే. మామూలు వైఫైకి అది లెక్కలోనిది కాదు.

ఇక విద్యుత్తు. తెర ఆపి, వైఫై నడుస్తున్న ఫోన్ ఒక వాటు తీసుకుంటుందనుకుందాం. రోజుకు 24 వాట్-గంటలు, ఏడాదికి 8.76 యూనిట్లు. నూరు వాట్ల డెస్క్‌టాప్‌ను అలాగే ఏడాది పొడవునా నడిపితే 876 యూనిట్లు కాలుతుంది. పైగా ఫోన్‌కు బ్యాటరీ ఉంది. 3000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీని 3.8 వోల్టులతో గుణిస్తే 11.4 వాట్-గంటలు వస్తుంది. అంటే కరెంటు పోయినా పదకొండు గంటల పాటు సర్వర్ పలుకుతూనే ఉంటుంది. మగ్గాలు ఆగినా లెక్క ఆగదు.

శక్తి చాలు, చోటు చాలు, కరెంటు చాలు. మరి చిక్కు ఎక్కడ?

మొదటి చిక్కు: నిద్ర

బెర్నర్స్-లీ అతికించిన కాగితం గుర్తుందా? సర్వర్ మొదటి ధర్మం మేలుకుని ఉండటం. ఫోన్ తయారీదారుల ధర్మం దీనికి పూర్తిగా వ్యతిరేకం: బ్యాటరీ ఆదా కోసం ఫోన్‌ను వీలైనంతసేపు నిద్రపుచ్చాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, కదలకుండా పడి ఉన్న ఫోన్‌లో వెనుక నడిచే ప్రోగ్రామ్‌లను చాలాసేపు ఆపి ఉంచే ఏర్పాటు ఉంది. మన సర్వర్ కూడా వాటిలో ఒకటే. అందుకే దానికి బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపు ఇవ్వాలి, ఫోన్‌ను ఛార్జరుకు తగిలించి ఉంచాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. రాత్రీ పగలూ ఛార్జింగ్‌లో, వేడి గదిలో ఉండే పాత బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. నూలు పొట్టు గాలిలో ఎగిరే షెడ్డులో అది నిప్పుకు దారి తీయవచ్చు. ఫోన్‌ను గాలి తగిలే చోట, మగ్గాలకు, నూలుకు దూరంగా ఉంచాలి. వెనుక మూత కొంచెం పైకి లేచినట్టు కనిపించినా ఆ ఫోన్ వాడకూడదు.

రెండో చిక్కు: చిరునామా

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ చిరునామా కావాలి. చాలాకాలంగా వాడుకలో ఉన్న ఐపీవీ4 చిరునామా 32 బిట్ల సంఖ్య. అందువల్ల సాధ్యమయ్యే చిరునామాలు దాదాపు 429 కోట్లు. ప్రపంచ జనాభాకే అవి చాలవు, ఇక మనిషికి రెండు మూడు యంత్రాలైతే చెప్పేదేముంది! అందుకే ఒక బయటి చిరునామా వెనక ఎన్నో యంత్రాలను దాచే పద్ధతి వచ్చింది. దాన్ని నాట్ అంటారు. మీ ఇంటి వైఫైలో 192.168తో మొదలయ్యే చిరునామాలు ఈ లోపలి చిరునామాలే. మొబైల్ కంపెనీలు కూడా వేల ఫోన్లను ఇలా కొన్ని బయటి చిరునామాల వెనక ఉంచుతాయి.

మిల్లు గేటు దగ్గరి వాచ్‌మన్‌ను ఊహించుకోండి. లోపలి మనిషి బయటికి కబురు పంపితే, దాని జవాబు తెచ్చిన వాడిని వాచ్‌మన్ లోపలికి పంపిస్తాడు. ఎవరూ పిలవకుండా ఎవరైనా వచ్చి లోపలి మనిషి కావాలంటే, ఎవరి కోసమో నాకు తెలియదంటూ తిప్పి పంపుతాడు. నాట్ పని సరిగ్గా ఇదే. బ్రౌజర్ ఎప్పుడూ లోపలి నుంచి కబురు పంపుతుంది కనుక దానికి ఇబ్బంది లేదు. సర్వర్ మాత్రం బయటివారి పలకరింపు కోసం ఎదురుచూసేది. గేటు దాటి ఆ పలకరింపు దానికి చేరదు.

ఈ సమస్యను ఎదుర్కొన్న వారిలో నోకియా పరిశోధకులు ముఖ్యులు. వారు అపాచీ అనే ప్రసిద్ధ వెబ్ సర్వర్‌ను సింబియన్ ఫోన్లలో నడిచేలా మార్చి 2006లో అందరికీ విడుదల చేశారు. ఫోన్‌లోని క్యాలెండర్‌ను, పేర్ల జాబితాను బ్రౌజర్‌లో చూడటమే కాదు, దూరం నుంచి ఫోన్ కెమెరాతో ఫోటో కూడా తీయగలిగేవారు. గేటు సమస్యకు వారు కనిపెట్టిన ఉపాయం ఇది: ఫోనే ముందుగా బయటనున్న ఒక మధ్యవర్తి కంప్యూటర్‌కు కబురు పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. బయటివారి ప్రశ్నలు మధ్యవర్తికి వస్తాయి, అది తెరిచిన దారిలోనే ఫోన్‌కు చేరవేస్తుంది. ఉపాయం బాగానే పనిచేసింది. కాని ఆ మధ్యవర్తి నోకియాది. కొన్నేళ్లకు ఆ సేవను కంపెనీ మూసివేసింది. దాంతో ఆ ఫోన్ సైట్ల చిరునామాలూ పోయాయి. నేటికీ ఇలాంటి మధ్యవర్తి సేవలు ఉన్నాయి. వాటిని నమ్ముకునే ముందు ఈ కథను గుర్తు చేసుకోండి.

128 బిట్ల ఐపీవీ6తో చిరునామాల కొరత తీరుతుంది. అయినా చిరునామా ఉన్నంత మాత్రాన కంపెనీ గేటు తెరవాలన్న నియమం లేదు.

జోల్వా షెడ్డుకు ఈ బాధ అసలు లేదు. అడిగేవారు, చెప్పేవారు అందరూ ఒకే కప్పు కింద ఉన్నారు. ఒక చిన్న వైఫై రూటరు పెట్టి అందరూ దానికే కలిస్తే లోపలి చిరునామాయే చాలు. రూటరుకు ఇంటర్నెట్ అక్కరలేదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో కూడా చేయవచ్చు కాని, చాలా ఫోన్లు ఒకేసారి కొద్దిమందినే చేర్చుకుంటాయి. ఇంటర్నెట్ లేదన్న హెచ్చరిక వస్తే, అయినా ఇదే వైఫైలో ఉంచు అని ఎంచుకోవాలి. చిరునామాను కాగితం మీద రాసి గోడకు అతికిస్తే సరి.

మూడో చిక్కు: నమ్మకం

అన్నిటికంటే కష్టమైనది ఇదే. సర్వర్ నిజం చెప్పదు, తనలో రాసిందే చెబుతుంది. తొంభై మీటర్లను యాభై అని రాస్తే, ఎంత మంచి సర్వరైనా యాభై అనే చూపిస్తుంది. రాసిన దాన్ని రాత్రికి రాత్రి మార్చినా దానికి పట్టదు. పుస్తకం పోయి ఫోన్ వచ్చినంత మాత్రాన న్యాయం దానంతట అది రాదు.

మరి లాభమేమిటి? పుస్తకానికీ దీనికీ ఉన్న తేడా నకలు తీయడంలో ఉంది. ఒకరి దగ్గరున్న పుస్తకాన్ని ఇరవై నలుగురు ప్రతిరోజూ తిరగరాసుకోలేరు. వెబ్ పేజీ మాత్రం చూసినప్పుడల్లా చూసినవారి ఫోన్‌కు ఒక నకలు వస్తుంది. ప్రతివారూ షిఫ్టు అయ్యాక పేజీని దాచుకుంటే ఆ రోజు లెక్కకు ఇరవై నలుగురు సాక్షులు ఉన్నట్టే. తర్వాత ఎవరైనా అంకె మారిస్తే పాత నకళ్లు పట్టిస్తాయి. తప్పు కనిపిస్తే మర్నాడే అడగవచ్చు, కూలి రోజు దాకా ఆగనక్కరలేదు.

దీనికి తగిన జాగ్రత్తలూ ఉన్నాయి. చూడటం అందరికీ, రాయడం మాత్రం ఒప్పుకున్న ఒకరిద్దరికి, అదీ సంకేతపదంతో ఉండాలి. పేర్లు, ఫోన్ నంబర్లు కాకుండా మగ్గం సంఖ్యలే పెట్టాలి. సాదా హెచ్‌టీటీపీలో పోయే మాటలను అదే వైఫైలో ఉన్న తెలిసినవాడు చదవగలడు, కాబట్టి సంకేతపదాలు పంపే చోట గుప్తీకరించిన హెచ్‌టీటీపీఎస్ వాడాలి. అన్నిటికంటే ముందు షెడ్డు యజమానితో, తోటివారితో మాట్లాడి ఒప్పించాలి. చాటుగా పెట్టిన లెక్క మీద ఎవరికీ నమ్మకం ఉండదు.

మీరే చేసి చూడండి

ఇంట్లో ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్‌లోనైనా పైథాన్ భాషను ఎక్కించుకోండి. పైథాన్‌తో పాటే హెచ్‌టీటీపీ డాట్ సర్వర్ అనే చిన్న సర్వర్ వస్తుంది. ఒక సంచయంలో మీ పేజీని పెట్టి, ఒకే ఒక్క ఆదేశంతో దాన్ని నడపవచ్చు. వెబ్ సర్వర్లు మామూలుగా 80వ పోర్టు దగ్గర కాచుకుంటాయి. 1024 కంటే తక్కువ పోర్టులు వాడటానికి ప్రత్యేక అనుమతి కావాలి కనుక మీరు 8080 వాడండి. మరో ఫోన్‌ను అదే వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో మీ సర్వర్ చిరునామా, దాని పక్కన రెండు చుక్కలు, 8080 రాయండి. పేజీ కనిపిస్తుంది. ఇది నేర్చుకోవడానికే, బయటి ప్రపంచానికి తెరిచి ఉంచడానికి కాదని పైథాన్ రూపకర్తలే హెచ్చరిస్తారు.

తర్వాత మూడు ప్రయోగాలు చేయండి. పేజీలో 'నమస్తే' మాత్రమే రాసి దాచి, ఆ ఫైలు ఎన్ని బైట్లుందో చూడండి. ఫోన్‌ను కదపకుండా రాత్రంతా ఉంచి, తెల్లవారాక పేజీ వస్తుందో లేదో చూడండి. వైఫై వదిలి మొబైల్ డేటాతో అదే చిరునామా తెరవడానికి ప్రయత్నించండి. మొదటి దానిలో లిపి లెక్క, రెండో దానిలో నిద్ర, మూడో దానిలో గేటు మీకు కళ్లకు కట్టినట్టు తెలుస్తాయి.

ఆ తర్వాత మీ చుట్టూ చూడండి. ఒక్కరి చేతిలోనే ఉండి పదిమందికి అవసరమయ్యే పుస్తకాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి: పాల కేంద్రంలో వెన్న శాతం పుస్తకం, పొదుపు సంఘం పద్దు, హాస్టల్ మెస్ ఖర్చు. వాటిలో ఒకదాన్ని అందరూ చూడగలిగేలా పెట్టడానికి ఒక పాత ఫోన్, ఒక ఛార్జరు, మీ ఒక ఆదివారం సరిపోతాయి. ఆ పుస్తకం ఉన్నవారిని ఒప్పించడానికి ఇంకొన్ని ఆదివారాలు పట్టవచ్చు.